రాఘవేంద్రరావు సినిమాల్లోంచి పూలూ పళ్ళూ తీసేస్తే ఏం మిగులుతుంది?

#1 నేలటికెట్టు

2025 మే 9న జగదేకవీరుడు అతిలోకసుందరి మళ్ళీ థియేటర్లకొచ్చింది, 2డీలోనూ 3డీలోనూ. అప్పట్నుంచీ ఎక్కడ చూసినా రెండే మాటలు. ఒకళ్ళు "దర్శకేంద్రుడు, ఇంకేం మాట్లాడకు" అంటారు. ఇంకొకళ్ళు "బొడ్డు మీద బత్తాయిలు దొర్లించే ఆయనేగా" అంటారు. రెండూ సినిమా చూడకుండా కూడా అనేయగలిగిన మాటలే.

1975లో బాబు దగ్గర మొదలుపెట్టి 2017లో ఓం నమో వేంకటేశాయ దాకా వందకు పైగా సినిమాలు తీసిన మనిషి. గంగోత్రి (2003) ఆయన నూరో సినిమా. వెంకటేష్, అల్లు అర్జున్‌లు హీరోలుగా పరిచయమైందీ, మహేష్ పెద్దయ్యాక హీరోగా తొలి అడుగు వేసిందీ ఆయన చేతి మీదుగానే. ఇంత పని చేసిన దర్శకుడి మీద మన దగ్గర షాటు షాటుగా మాట్లాడుకున్న చర్చ వేళ్ళ మీద లెక్కపెట్టేంత కూడా లేదు.

నా మాట ముందు పెడతా, కొట్టేవాళ్ళు కొట్టండి. ఆయన సినిమాకి పునాది సీను కాదు, పాట. సీన్లు జంధ్యాల రాస్తే జంధ్యాల సీన్లలా, పరుచూరి వాళ్ళు రాస్తే వాళ్ళ సీన్లలా ఉంటాయి. పాట మాత్రం ఎవరు రాసినా, ఎవరు బాణీ కట్టినా ఆయన పాటలాగే ఉంటుంది.

షరతు ఒక్కటే. సినిమా, పాట, షాటు చెప్పి మాట్లాడండి. కలెక్షన్ల లెక్కలు ఇక్కడ వద్దు.

#2 మూడడుగుల ముక్క

పాట ఆయనదే అని ఎందుకనిపిస్తుందో ఎడిటింగ్ బల్ల దగ్గర్నుంచి చెప్పొచ్చు.

35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24. పాట నడక నిమిషానికి 120 దెబ్బలనుకోండి. నాలుగు దెబ్బల ఆవృతం 2 సెకన్లు. అంటే 48 ఫ్రేములు, సరిగ్గా మూడడుగుల ముక్క. నడక 96 అయితే 2.5 సెకన్లు, మూడడుగుల పన్నెండు ఫ్రేములు. పాట ముందే రికార్డయి చేతిలో ఉంటుంది కాబట్టి ఈ లెక్క షూటింగుకి ముందే వేసుకోవచ్చు.

నాలుగున్నర నిమిషాల పాట 405 అడుగులు. ఆవృతానికో షాటు పెడితే 135 షాట్లు, రెండు ఆవృతాలకొకటి పెడితే 67 దాకా. మామూలు దర్శకుడు చేసే పని పల్లవి మొత్తం ఒక మాస్టర్ షాటులో తీసి, అదే మళ్ళీ దగ్గర్నుంచి తీసి, రెండూ ఎడిటర్ మీద పడేయడం. అప్పుడు కోత (కట్) ఎక్కడ పడాలో బల్ల దగ్గర తేలుతుంది. డాన్సు మధ్యలో, చెయ్యి సగం లేచినచోట కోత పడిందంటే కారణం సాధారణంగా ఇదే.

రాఘవేంద్రరావు పాటల్లో కోత ఆవృతం మొదటి దెబ్బ మీద పడుతుంది, ఆ దెబ్బకే కొత్త షాటులో ఏదో ఒకటి కదులుతుంది. తల తిప్పడమో, రేకులు పడటమో, పావురం ఎగరడమో. అంటే ముక్క కొలత ముందే తెలిసి తీసినట్టు ఉంటుంది. ఆయన చాలా సినిమాలకి కోటగిరి వెంకటేశ్వరరావు గారే ఎడిటర్. ఆ ఇద్దరి మధ్య కుదిరిన పద్ధతిని పూల ఖాతాలో వేయడం అన్యాయం.

చూడాలంటే సౌండ్ తీసేసి చూడండి. కోతలకి కాలితో తాళం వేయగలుగుతారు.

#3 జడగంటలు

సౌండ్ తీసేసి చూస్తే ఇంకోటి కూడా కనిపిస్తుంది మాస్టారూ. ఆ మూడడుగుల ముక్కల్లో హీరోయిన్ ముఖం ఎన్నింట్లో ఉందో లెక్కపెట్టండి. నడుము ఒక ముక్క, మెడ ఒక ముక్క, పాదం ఒక ముక్క. కోత ఎంత తాళంలో పడినా కోసింది దేన్ని అన్న ప్రశ్న పోదు.

హీరోకి ఆ కోత లేదు. హీరో ఎప్పుడూ నిండుగా ఉంటాడు, కాకపోతే కింద నుంచి పైకి చూపించిన క్లోజప్. పండు ఎప్పుడూ ఆమె మీదే పడుతుంది. ఝుమ్మంది నాదం (2010)తో వచ్చిన తాప్సీ 2017లో తన నడుము మీద వేసిన కొబ్బరికాయ గురించి జోక్ చేస్తే ఎంత రచ్చయిందో గుర్తుంది కదా. ఆమె చెప్పిన తీరు నచ్చకపోవచ్చు. కానీ ఆ షాటు ఎందుకు అన్న ప్రశ్నకి ఇప్పటికీ ఎవరూ జవాబివ్వలేదు, ఆమె చేత క్షమాపణ మాత్రం చెప్పించుకున్నారు.

#4 బెంచీ క్లాసు

జవాబు: ఎందుకంటే పనసపండు బరువెక్కువ. 🙂

#5 నాగ్రా ఆన్

#4 సంగతి పక్కన పెడితే, బరువు మాట నిజంగానే లెక్కలోకి వస్తుంది. ఈ షాట్లు తేలికగా అయ్యేవి అనుకునేవాళ్ళకోసం రాస్తున్నా.

ముందు రేకులు. పదడుగుల ఎత్తు నుంచి గులాబీ రేకు రెండు మూడు సెకన్లలో నేల మీదికొచ్చేస్తుంది. మామూలు వేగంలో తీస్తే తెర మీద చెత్త పడ్డట్టుంటుంది. సెకనుకి 48 ఫ్రేముల్లో తీస్తే అదే పడటం నాలుగు నుంచి ఆరు సెకన్లు పడుతుంది, అప్పుడే "పూలవాన". పండు సంగతి వేరు. అది గాలిలో తేలదు. పదడుగుల నుంచి 0.8 సెకన్లలో కింద పడుతుంది. ఆ ఎత్తు నుంచి మనిషి మీద వేయలేం, ఆపిల్ కూడా దెబ్బ తగులుతుంది. అందుకని అడుగున్నర ఎత్తు నుంచే వదలాలి, ఫ్రేము పై అంచు దగ్గరగా కట్ చేసుకోవాలి. అడుగున్నర పడటానికి 0.3 సెకన్లు. 96 ఫ్రేముల్లో తీస్తేనే తెర మీద 1.2 సెకన్లు వస్తుంది. ద్రాక్ష, చెర్రీ తరహా చిన్నవి ఎందుకు అంత ఇష్టమో ఇప్పుడు అర్థమవుతుంది.

రెండోది వెలుగు. 24 నుంచి 48కి వెళితే ఒక స్టాప్ వెలుగు తగ్గుతుంది (అంటే సగమవుతుంది), 96కి వెళితే రెండు. 80లలో ఎక్కువగా దొరికే రంగు ఫిల్మ్ 100 ఏ.ఎస్.ఏ. (వెలుగుని పట్టే శక్తి కొలత) దరిదాపు. స్టూడియో ఫ్లోరులో 96 అంటే లైట్లు నాలుగింతలు కావాలి, ఆ వేడికి రేకులు పది నిమిషాల్లో నల్లబడతాయి. ఔట్‌డోరే సుఖం. అదీ పొద్దున పదిలోపు, మధ్యాహ్నం మూడు తర్వాత. ఎండ వెనక నుంచి రావాలి. రేకు పల్చటిది, వెనక వెలుగుంటే దీపంలా వెలుగుతుంది. ముందు నుంచి లైటు కొడితే ముఖం మీద మచ్చలు పడ్డట్టుంటుంది.

మూడోది పెదాలు. స్లో మోషన్‌లో పాట పాడుతున్నట్టు చూపించాలంటే సెట్లో పాట వినిపించే నాగ్రా టేపు రికార్డరుని రెట్టింపు వేగంలో తిప్పాలి. సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంలో ఎక్కించిన పాటని పదిహేనులో పెడితే సరిగ్గా రెండింతలు. బాలు గొంతు ఉడత గొంతైపోతుంది, ఆర్టిస్టు ఆ వేగంలో పెదాలు కదపాలి, ఒళ్ళు మాత్రం మామూలుగా కదలాలి. ఇక్కడ తేడా కొట్టేది కెమెరా మోటారు. వేగాన్ని నిలకడగా ఉంచే క్రిస్టల్ లేని పాత వైల్డ్ మోటారు బ్యాటరీ తగ్గేకొద్దీ 48 అనుకున్నది 46 అవుతుంది. పది సెకన్ల లైనుకి పెదవి అర సెకను దాకా జారిపోతుంది. అందుకే చాలా పాటల్లో స్లో మోషన్ ఆలాపనల్లోనో, చరణానికి ముందు వచ్చే మ్యూజిక్ బిట్లలోనో ఉంటుంది. మాటలొచ్చే దగ్గర 24కి వచ్చేస్తారు.

ఇంకోటి నిర్మాతకి నచ్చనిది. 400 అడుగుల మ్యాగజైను (కెమెరా మీది ఫిల్ము డబ్బా) 24లో నాలుగు నిమిషాల 26 సెకన్లు వస్తుంది. 48లో రెండు నిమిషాల 13 సెకన్లకే అయిపోతుంది.

#6 గోదారి ఇసుక

సరే, బిందెలు ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతా. దేవత (1982), ఎల్లువొచ్చి గోదారమ్మ. శోభన్‌బాబు, శ్రీదేవి, ఇసుకతిన్నె మీద వరసలు కట్టిన బిందెలు. కథ ప్రకారం అన్ని బిందెలు అక్కడ ఎందుకున్నాయని అడిగినవాడు లేడు. అడిగితే పాట చూడ్డం రాదన్నట్టు.

ఆ సెటప్‌లో కష్టం చూడండి. మెరిసే బిందె అంటే అద్దమే. కెమెరా దగ్గరగా పెడితే ప్రతి బిందెలోనూ కెమెరా, రిఫ్లెక్టరు పట్టుకున్న కుర్రాడు, గొడుగు అన్నీ కనిపిస్తాయి. దూరంగా వెళ్ళి పొడుగు లెన్సు వేయాలి, లేకపోతే కెమెరా వైపున్న బుగ్గకి మెరుపు చంపాలి. ఖాళీ బిందె గాలికి దొర్లుతుంది, అడుగున రెండు గుప్పిళ్ళ ఇసుక పోయాలి. నటులు నడిచే దారిలో అడుగుజాడలు పడతాయి, ప్రతి టేకుకీ చదును చేయాలి. పైనుంచి చూస్తే గళ్ళు కనిపించాలి, రెండడుగుల ఎత్తు నుంచి చూస్తే వరసలు ఒకదాని మీదొకటి పేరుకున్నట్టుండాలి. అంటే దూరాలు కొలిచి పెట్టాలి. ఊరికే పరిస్తే పైనుంచి సంతలా కనిపిస్తుంది.

ఒక వస్తువుని తీసుకుని, దాన్ని లెక్కకు మించి పెంచి, కథతో సంబంధం తెంచి, జ్యామితిలా పరచడం. ఆయన సంతకం నా లెక్కలో ఇది. పండైనా అంతే, బిందైనా అంతే. 2019లో గద్దలకొండ గణేష్‌లో హరీష్ శంకర్ అదే పాటని అవే బిందెలతో మళ్ళీ తీశారు. కొత్త కెమెరా, కొత్త రంగులు. అయినా పాటని గుర్తుపట్టించింది ఆ బిందెల వరసే.

#7 జడగంటలు

#5, #6 చాలా బావున్నాయి, నిజంగా. కానీ "ఎలా తీశారు" అన్నది "ఎందుకు తీశారు"ని కప్పేస్తోంది. గోదారి ఇసుక గారు చెప్పిన సూత్రమే తీసుకుందాం. కథతో సంబంధం తెంచి వస్తువుని పెంచడం. బిందెకి అలా చేస్తే డిజైను. మనిషికి అలా చేస్తే? ఆ వస్తువుల వరసలో హీరోయిన్ కూడా ఒక వస్తువైపోవడమేగా నా గొడవ.

పాటలే కాదు, కథలూ చూడండి. ఘరానా మొగుడు (1992)లో డబ్బున్న పొగరుబోతు అమ్మాయిని కార్మికుడైన మొగుడు దారికి తేవడం. ఆ మూస తర్వాత పదేళ్ళు తెలుగు సినిమాని పట్టి పీడించింది. మాతృక కన్నడం (అనురాగ అరళితు), నిజమే. కానీ ఇక్కడ దానికి అంత ఊపు తెచ్చింది ఈయన చేతివాటమే.

వేటగాడు (1979) సంగతి చెప్పక్కర్లేదు. బడిపంతులు (1972)లో ఎన్టీఆర్‌కి మనవరాలిగా వేసిన శ్రీదేవి ఏడేళ్ళకి ఆయన పక్కన వాన పాటలో.

#8 బి.ఏ. పాస్

(ఆయన టైటిల్స్‌లో పేరు పక్కన బి.ఏ. అని వేసుకునేవారు, అందుకే ఈ పేరు పెట్టుకున్నా.)

జడగంటలు గారితో ఏకీభవిస్తూనే ఒక సవరణ. "ఆడమనిషి ముఖం చూపించడం రాని దర్శకుడు" అని తేలిస్తే మాత్రం ఒప్పుకోను. 1976లో జ్యోతి, 1977లో ఆమెకథ చూడండి. రెండూ జయసుధ చుట్టూ తిరిగే కథలు, రెండింటికీ ఆమెకి ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. జ్యోతి పూర్తిగా విషాదం, పెద్ద హీరో లేడు. సిరిమల్లె పువ్వల్లే నవ్వు పాటలో జానకమ్మ నవ్వుకి జయసుధ ముఖమే ఆధారం. 1978లో పదహారేళ్ళ వయసు, భారతీరాజా సినిమాకి రీమేక్. అందులో సిరిమల్లె పువ్వా పాటలో శ్రీదేవిని చూపించిన తీరుకి, దాదాపు ఏడాది తర్వాత వేటగాడులో చూపించిన తీరుకి పొంతన లేదు. దర్శకుడూ వాడే, నటీ ఆమే.

ఈ మార్పు ఎక్కడ మొదలైంది? 1977 ఏప్రిల్ 28న అడవిరాముడు వచ్చింది. ఆ తర్వాత నిర్మాతలు ఆయన దగ్గరికి జ్యోతి లాంటిది అడగడానికి రావడం మెల్లగా తగ్గిపోయింది. ఆయనా ఎదురు వెళ్ళి అడగలేదు. రెండో మాట ముఖ్యం, తప్పంతా మార్కెట్ మీదికి తోసేయడానికి లేదు.

#9 ఇంటర్వెల్ బ్యాంగ్

అడవిరాముడు మాటొచ్చింది కాబట్టి. 1977 ఏప్రిల్ నాటికి ఎన్టీఆర్‌కి 54 నిండబోతున్నాయి. ఒళ్ళు బరువు. అప్పటిదాకా ఆయన పాటలు చాలావరకు నిలబడి చేతులు తిప్పడమో, చెట్టు చుట్టూ నడవడమో. ఈ సినిమాతో ఆయన "డాన్సు చేసే" హీరో అయ్యాడు. ఎలా?

ఆరేసుకోబోయి పారేసుకున్నాను పాట జాగ్రత్తగా చూస్తే కాళ్ళకి పని తక్కువ. స్టెప్పు భుజాలకి, మెడకి, చేతులకి ఇచ్చారు. నాలుగైదు దెబ్బలకి మించి ఒకే షాటులో స్టెప్పు సాగదు, ఆయాసం కనిపించేలోపు కోత పడిపోతుంది. #2లో చెప్పిన మూడడుగుల ముక్క ఇక్కడ అందంకోసం కాదు, అవసరంకోసం. మిగతా కదలికంతా జయప్రద చేస్తుంది, కెమెరా చేస్తుంది. తర్వాత పదేళ్ళు పెద్ద హీరోలందరి పాటలూ ఇదే కొలతకి కుట్టారు. వయసు మళ్ళిన స్టారుకి పాట ఎలా తీయాలో ఇప్పటికీ మన ఇండస్ట్రీ వాడుతున్న పద్ధతి ఇదే.

ఆ సినిమాలో పాటలన్నీ వేటూరివే. సంగీతం కె.వి. మహదేవన్, మాటలు జంధ్యాల. మామ (మహదేవన్) బాణీలు అంతకుముందు ఎంత నెమ్మదిగా ఉండేవో తెలిసినవాళ్ళకి దర్శకుడు ఏం అడిగి ఉంటాడో తెలుస్తుంది.

#10 నేలటికెట్టు

దీన్నిబట్టి ఇంకో ప్రశ్న. సంగీత దర్శకుడు మారితే ఆయన కోత మారిందా? చక్రవర్తి కాలం, ఇళయరాజా కొన్నాళ్ళు (ఆఖరి పోరాటం, జగదేకవీరుడు, కూలీ నెం.1), తర్వాత ఎక్కువగా కీరవాణి. నాకైతే ఇళయరాజా దగ్గర షాట్లు పొడుగయ్యాయనిపిస్తుంది.

#11 మూడడుగుల ముక్క

అయ్యాయి, దానికి కారణం కూడా ఉంది. చక్రవర్తి పాటల్లో తాళమే ముందుంటుంది, దెబ్బ గట్టిగా వినిపిస్తుంది, కోతకి చోటు అదే చెబుతుంది. ఇళయరాజా పాటలో వయొలిన్లు ఆవృతం దాటి ఊగుతాయి, బాస్ గిటారు వేరే లైను నడుస్తుంది. దెబ్బ మీద కోస్తే వయొలిన్ వాక్యం మధ్యలో తెగినట్టుంటుంది. జగదేకవీరుడులో అందాలలో అహో మహోదయం తీసుకోండి. ఇంద్రజ (శ్రీదేవి వేసిన దేవకన్య) ఒక్కతే, పక్కన హీరో లేడు, భూమిని మొదటిసారి చూస్తోంది. అక్కడ క్రేను కదలికలు, పొడుగు షాట్లు. కోత స్వరవాక్యం ఎక్కడ ఆగితే అక్కడ.

జడగంటలు గారు ఈ పాటని ఒప్పుకుంటారనుకుంటా. ఆమె చూస్తోంది, మనం ఆమె చూపుని చూస్తున్నాం.

అదే నిర్మాత, అదే ఇళయరాజా, అయినా అశ్వమేధం (1992) నిలబడలేదు. అక్కడ పాట కథకి ఎక్కడా అవసరపడదు.

#12 జడగంటలు

ఒప్పుకుంటా. ఆ సినిమా మొత్తంలో ఇంద్రజ నవ్విస్తుంది, అలుగుతుంది, మనుషుల్ని ఏడిపిస్తుంది, నిర్ణయాలు తీసుకుంటుంది. శ్రీదేవికి కామెడీ టైమింగ్ ఉందని నమ్మి వదిలేశారు. ఒక్క ఉంగరం పోయిందన్న చిన్న మెలిక చుట్టూ సినిమా నడిచిందంటే ఆమె వల్ల. అలాంటిది చేతనైన మనిషి మిగతా చోట్ల ఎందుకు చేయలేదన్నదే నా కోపం, చేతకాక కాదు కాబట్టి.

#13 వాగ్గేయకారుడు

ఇంతసేపు భక్తి సినిమాలు ఎవరూ ముట్టుకోలేదేంటి? #1లోని "పునాది పాట" వాదనకి అసలు రుజువు అక్కడే ఉంది.

అన్నమయ్య (1997 మే 22), శ్రీరామదాసు (2006), ఓం నమో వేంకటేశాయ (2017). మూడింటికీ రచన జె.కె. భారవి, సంగీతం కీరవాణి, హీరో నాగార్జున. మొదటి రెండూ జనం నెత్తిన పెట్టుకున్నారు, మూడోది నిలబడలేదు. "కాలం మారింది" అని తేల్చేయడం సులువు. నాకు కనిపించే కారణం వేరు.

అన్నమాచార్యుడూ రామదాసూ వాగ్గేయకారులు. వాళ్ళ జీవితంలో సంఘటన అంటే కీర్తన పుట్టడమే. అదివో అల్లదివో దగ్గర కథ ఆగదు, కథ కొండెక్కుతుంది. సాళువ నరసింహరాయలు తన మీద పాట పాడమనడం, ఈయన కాదనడం, సంకెళ్ళు. ఆ గొడవ కూడా పాట గురించే. అంతర్యామి అలసితి దగ్గర ముగింపు డైలాగుతో పనిలేదు. పాట తప్ప ఇంకేమీ పెద్దగా పట్టించుకోని దర్శకుడికి, పాట తప్ప ఇంకేమీ లేని మనిషి కథ దొరికింది. రామదాసుకీ అంతే. చెరసాలలో దెబ్బలు తింటూ పాడిన కీర్తనలే అక్కడ సన్నివేశాలు.

ఓం నమో వేంకటేశాయ కథానాయకుడు హథీరాం బావాజీ పాటలు కట్టిన మనిషి కాదు. స్వామితో పాచికలాడిన భక్తుడు. అక్కడ నడవాల్సింది ఆట, దాని చుట్టూ ఉన్న చనువు, ఓడిన దేవుడి ముఖం. అంటే సీన్లు. ఆ సినిమాలో పాట వచ్చిన ప్రతిసారీ పాచికలాట ఆగి ఎదురుచూస్తుంది. పాండురంగడు (2008)లో పుండరీకుడిదీ ఇదే ఇబ్బంది.

అన్నమయ్యలోనూ మచ్చ ఉంది. మొదటి గంటలో ఇద్దరు మరదళ్ళతో వచ్చే పాటలు పాత రాఘవేంద్రరావువే, వేషం మారిందంతే. తాళ్ళపాక వాళ్ళ శృంగార కీర్తనలు వేలల్లో ఉన్నాయి, ఏలే ఏలే మరదలా లాంటివి ఇంకొన్ని ఆ చోట పెట్టినా కవికీ కవితకీ లంకె కుదిరేది. అవి వదిలేసి మిగతావి మామూలు డ్యూయెట్లు చేశారు.

#14 బెంచీ క్లాసు

ఈసారి జోకు కాదు. అన్నమయ్యలో సుమన్‌కి బాలు గొంతిచ్చారు. అన్నమయ్య కీర్తనలు పాడేదీ బాలే. అంటే భక్తుడు పాడే గొంతూ దేవుడు మాట్లాడే గొంతూ ఒకటే. కావాలని చేశారో కుదిరిందో గానీ, క్లైమాక్సులో అది పనిచేస్తుంది.

#15 ఇంటర్వెల్ బ్యాంగ్

#13కి వందనం. దాన్ని కాస్త ముందుకు లాగితే రాజమౌళి దగ్గర తేలతాం. ఆయన కోటగిరి దగ్గర ఎడిటింగ్ చూశారు, రాఘవేంద్రరావు దగ్గర శాంతినివాసం సీరియల్ చేశారు, స్టూడెంట్ నెం.1 (2001)కి దర్శకత్వ పర్యవేక్షణ గురువుగారిదే. శిష్యుడు పళ్ళు తీసుకోలేదు. తాళం మీద కోత తీసుకున్నారు. నాటు నాటు చూడండి, పాట మొదలయ్యే ముందున్న పరిస్థితీ అయ్యాక ఉన్న పరిస్థితీ ఒకటి కాదు. పందెం, అవమానం, గెలుపు అన్నీ పాటలోనే. అన్నమయ్యలో కుదిరిన పద్ధతి అక్కడ ప్రతిసారీ కుదిరేలా కథ రాసుకుంటున్నారు.

#16 బి.ఏ. పాస్

వై.వి.ఎస్. చౌదరి కూడా ఆ బడివారే. ఆయన రంగులు తీసుకున్నారు.

#17 మోడరేటర్

శిష్యుల పోలికలు వేరే చర్చలో. ఇక్కడ గురువు దగ్గరే ఉందాం.

#18 గోదారి ఇసుక

ఒక్క సాంకేతిక గొడవ చెప్పాలి, లేకపోతే ఈ చర్చంతా గాలిలో మేడ. మనలో చాలామంది ఈ పాటలు చూసింది టీవీలోనో యూట్యూబ్‌లోనో. స్కోప్‌లో (వెడల్పు తెరకి) తీసిన సినిమాలో వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి 2.35, పాత టీవీ 1.33. ఎత్తు నిండేలా కోసి చూపిస్తే తెరలో 57 శాతమే మిగులుతుంది, 43 శాతం రెండు పక్కలా పోతుంది. వస్తువుల్ని అంచులదాకా పరిచి కూర్చిన ఫ్రేములో పక్కలు పోతే మిగిలేది నడిమధ్య ఉన్న మనిషి నడుమే.

పైగా కొన్ని అప్‌లోడ్లలో రీలు వేగం సెకనుకి 24 నుంచి 25 ఫ్రేములకి మార్చి ఉంటుంది. 4 శాతం వేగం, శ్రుతి కూడా పెరుగుతుంది. కోతలు లెక్కపెట్టే ముందు పాట నిడివిని క్యాసెట్ నిడివితో సరిచూసుకోండి. నాలుగున్నర నిమిషాల పాట పది పదకొండు సెకన్లు తక్కువ వస్తే అది ఆ తేడాయే.

#19 జడగంటలు

అంచులు కోసేయడం వల్ల అన్యాయం జరిగిందని ఒప్పుకుంటా. కానీ నడిమధ్యలో ఏం పెట్టాలో నిర్ణయించింది టీవీ వాళ్ళు కాదుగా.

#20 గోదారి ఇసుక

కాదు. దానికి నా దగ్గర జవాబు లేదు.

#21 నాగ్రా ఆన్

లెక్కపెట్టాలనుకునేవాళ్ళకి పద్ధతి. పాటని ఫ్రేము ఫ్రేముగా కదిపే ప్లేయరులో పెట్టండి. ప్రతి కోత దగ్గరా సమయం రాసుకోండి. పక్కన మూడు గడులు గీయండి: కోత దెబ్బ మీద పడిందా లేదా, ముఖం ఉందా లేదా, వేగం మామూలా స్లోనా. స్లో అవునో కాదో తేల్చడానికి జుట్టూ నీళ్ళూ చూడండి, నటుల కదలిక చూడొద్దు, వాళ్ళు కావాలని నెమ్మదిగా కదలొచ్చు. జ్యోతి నుంచి ఒకటి, వేటగాడు నుంచి ఒకటి, జగదేకవీరుడు నుంచి ఒకటి, అన్నమయ్య నుంచి ఒకటి తీసుకుంటే జడగంటలు గారి గడీ, మూడడుగుల ముక్క గారి గడీ రెండూ ఒకే కాగితం మీద పడతాయి.

#22 జడగంటలు

వేటగాడు నేను తీసుకుంటా. వాన పాటే.

#23 మూడడుగుల ముక్క

అయితే జ్యోతి నాకు. వాన పాటలో దెబ్బ మీద కోత ఒకచోట చూసుకోండి, చినుకుల శబ్దం కలిసిపోయి తాళం మోసం చేస్తుంది. తబలా కాదు, బాస్ వినండి.